పత్తర్‌గట్టి నుంచి చార్మినార్, ఆయిల్స్‌లో: మినార్లు వెనక్కి పోవట్లేదు

కుంచె_36 అడిగిన ప్రశ్న

24×36 అంగుళాల కాన్వాస్ మీద పత్తర్‌గట్టి బజారు వేస్తున్నా. మదీనా చౌరస్తా వైపు రోడ్డు మీద నిలబడి దక్షిణానికి చూస్తే కనబడే దృశ్యం. జనవరి మొదటి వారం, సాయంత్రం నాలుగుంపావు. ముందు తోపుడు బండ్లు, ఆటోలు, జనం. రెండు పక్కలా రాతి ఆర్కేడ్లు (ముందు కమాన్ల వరస ఉన్న దుకాణాల భవనాలు), మధ్యలో మచ్లీ కమాన్, దాని వెనక చార్మినార్ కమాన్, ఆ పైన మినార్లు. రిఫరెన్సు ఫోన్‌లో తీసిన ఫోటో.

ఇబ్బందులు ఇవీ. మినార్లు కమాన్ మీద అతికించినట్టున్నాయి, వెనక్కి పోవట్లేదు. దూరపు వాటిలో నీలం కలపాలంటారు కదా అని అల్ట్రామెరైన్, తెలుపు కలిపాను. దూరం రాలేదు సరికదా, ఊటీ కొండల్లా నీలంగా తయారైంది. జనం స్టిక్కర్లలా ఉన్నారు; ఒక్కొక్కరికీ నేల మీద నీడ వేసినా అంతే. ఇవి చాలవన్నట్టు, ఆరాక ముందున్న నలుపులు పాలిపోయి సుద్ద రాసినట్టు అయ్యాయి.

వాడినవి: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, కాడ్మియం ఎల్లో, కాడ్మియం రెడ్, బర్ంట్ సియెన్నా (ఎర్ర గోధుమ), బర్ంట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ (నీలం), ఐవరీ బ్లాక్. రెండు పొరలు అయ్యాయి, రెండోది వేసి పదిహేను రోజులైంది. వార్నిష్ వేయలేదు. దీన్నే సరిచేయొచ్చా, కొత్త కాన్వాస్ ఎక్కించాలా?

పాతబస్తీ_స్కెచ్

కొత్త కాన్వాస్ అక్కర్లేదండీ. ముందు నీలం సంగతి చూద్దాం, మిగతావి చాలావరకు దాని వెనకే ఉన్నాయి.

"దూరం అంటే నీలం" అన్నది కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండలకు, శుభ్రమైన గాలికి చెప్పిన మాట. గాలి అణువులు నీలపు కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి చీకటి కొండకూ మన కంటికీ మధ్య నీలి వెలుగు చేరుతుంది. మీ దృశ్యంలో మొత్తం దూరమే అర కిలోమీటరు. అంతలో గాలి ఒక్కటే చేసేది కంటికి ఆనదు. అక్కడ కనబడేదంతా దుమ్ము, బండ్ల పొగ. దుమ్ము రేణువులు పెద్దవి, అన్ని రంగుల కాంతినీ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. అందుకే ఆ తెర తెల్లగా ఉంటుంది, సాయంత్రం ఎండ తగిలితే పల్చటి గోధుమ రంగు. వాన వెలిసిన గంటలో పత్తర్‌గట్టి వేస్తే నీలం గురించి ఆలోచించొచ్చు, జనవరి సాయంత్రానికి కాదు.

కాబట్టి ముందు ఒక "గాలి రంగు" కలుపుకోండి. రోడ్డు చివర, భవనాల మీదుగా ఆకాశం మొదలయ్యే చోట ఏ రంగుందో అదే మీ గాలి రంగు. ఈ వేళకు సుమారుగా: టైటానియం వైట్ 8 భాగాలు, ఎల్లో ఆకర్ 1, బర్ంట్ సియెన్నా పావు, అల్ట్రామెరైన్ అర. ఆకర్‌కు అల్ట్రామెరైన్ తగిలి పచ్చగా తిరిగితే సియెన్నా ఇంకొంచెం వేస్తే సర్దుకుంటుంది. ఒకేసారి పెద్ద చెంచాడు కలిపి, గాలి తగలకుండా క్లింగ్ ఫిల్మ్ చుట్టి పెట్టుకోండి. రోజుకోసారి కొత్తగా కలిపితే రోజుకో వాతావరణం వస్తుంది.

తర్వాత దృశ్యాన్ని నాలుగు తెరలుగా చూడండి. రంగు ఎంత ముదురో లేతో చెప్పే విలువకు 0 నలుపు, 10 తెలుపు అనుకుంటే:

ముందు బండ్లు, జనం: ముదురు 2, వెలుగు 8.5
ఆర్కేడ్ల మధ్య భాగం: ముదురు 3.5, వెలుగు 8
మచ్లీ కమాన్: ముదురు 5, వెలుగు 8
చార్మినార్ కమాన్, మినార్లు: ముదురు 6.5, వెలుగు 8
వెనక ఆకాశం: 8.5

రెండు వరసలూ పక్కపక్కన చూడండి. ముదురు 2 నుంచి 6.5కి ఎగబాకింది, వెలుగు మాత్రం అర మెట్టే దిగింది. దూరం కట్టేది ముదురు రంగులే. చాలామంది దూరపు గోడల మీది ఎండను తెల్లబరుస్తారు, కమాన్ కడుపులోని చీకటిని మాత్రం బర్ంట్ అంబర్‌తోనే వదిలేస్తారు. ఆ ఒక్క మచ్చ చాలు, కమాన్ మొత్తం ముందుకు దూకడానికి. మీ ఫోటోలో మచ్లీ కమాన్ లోపలి నీడ ఎంత నల్లగా కనబడుతోందో, ముందున్న బండి కింది నీడ ఎంతుందో పోల్చండి. బూడిదరంగు అట్టముక్కకు పెన్సిల్ పట్టేంత రంధ్రాలు రెండు చేసి ఒకదాన్లోంచి ఇదీ, ఒకదాన్లోంచి అదీ చూస్తే కన్ను మోసపోదు.

ఫోటోను మాత్రం నమ్మకండి. ఫోన్ తనంతట తానే కాంట్రాస్ట్ పెంచి, దూరపు నీడలను ముదురు చేసి, దుమ్ము తెరను తుడిచేస్తుంది. పైగా మామూలు లెన్సు వెడల్పు ఎక్కువ. మినార్లు చిన్నవై ముందు ఆటో ఏనుగంత అవుతుంది. మళ్లీ తీస్తే 2 రెట్ల జూమ్‌లో, హెచ్‌డీఆర్ ఆపి, ఆకాశానికి ఎక్స్‌పోజర్ లాక్ చేసి తీయండి.

ఇంకో మాట. మీరు చూస్తున్నది చార్మినార్ ఉత్తర ముఖం. జనవరి సాయంత్రం నాలుగుంపావుకు హైదరాబాద్‌లో సూర్యుడు నైరుతిలో, నేలకు 20 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే ఉత్తర ముఖం మొత్తం నీడే. ఎండ తగిలేది మినార్ల కుడి అంచున సన్నటి గీతగా. మే, జూన్ సాయంత్రాల్లో సూర్యుడు పడమటికి కాస్త ఉత్తరంగా దిగుతాడు కాబట్టి ఈ ముఖం మీద ఏటవాలు వెలుగు పడుతుంది. పోస్టుకార్డుల్లో చూసే బంగారు రంగు అలాంటి వేళది. మీరు మినార్లను ఆకర్‌తో ఎండలో ఉన్నట్టు వేసి ఉంటే, నీలం కలిపినా కలపకపోయినా అవి ముందుకే వస్తాయి. నీడ ముఖాన్ని 6.5 దగ్గర చదునుగా ఉంచండి. బాల్కనీలు, గచ్చు పూలు అర మెట్టు తేడాతో ఊహకు అందితే చాలు.

గీతల_మాస్టారు

పై పోస్టుతో ఏకీభవిస్తూ, జనం గురించి.

స్టిక్కర్లలా ఉండటానికి మొదట డ్రాయింగ్ చూడాలి. మీరు రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు, నేల చదును. అప్పుడు నిలబడ్డ పెద్దవాళ్లందరి తలలూ, దగ్గరైనా దూరమైనా, ఇంచుమించు ఒకే గీత మీద ఉంటాయి. అదే మీ కంటి గీత. దూరం పెరిగేకొద్దీ పాదాలే పైకి వస్తాయి, తలలు కిందికి దిగవు. లెక్క తేలిక: 5 మీటర్ల దూరంలో ఉన్న మనిషి పాదాలు కంటి గీతకు 16 సెంటీమీటర్లు కింద పడితే, 10 మీటర్ల వాడివి 8 దగ్గర, 20 మీటర్ల వాడివి 4, 40 మీటర్ల వాడివి 2, 80 మీటర్ల వాడివి 1 సెంటీమీటర్ దగ్గర పడతాయి. అంటే 80 మీటర్లు దాటాక మనిషంతా ఒక సెంటీమీటరు. అక్కడ చేతులు, కాళ్లు గీసే పని లేదు. 2వ నంబరు ఫ్లాట్ కుంచెతో ఒక మచ్చ, పైన తల చుక్క.

ఇదే గీతతో మిగతావీ సరిచూసుకోండి. ఆటో టాప్ కంటి గీతకు కొంచెం పైన. ఆర్టీసీ బస్సు అయితే నేల నుంచి కంటి గీతకు ఎంతో, పైకి మళ్లీ అంత. తోపుడు బండి పలక సుమారు సగంలో. అందుకే పండ్ల పైభాగం కనబడాలి. బండి పలక అంచు కంటి గీతను తాకిందంటే అది బండి కాదు, లారీ.

కొందరు ఫ్రాన్స్ చిత్రకారుడు పిస్సారో వీధి చిత్రాలు చూసి జనాన్ని నేలంతా చల్లేస్తారు. ఆయన 1897లో పారిస్ మోంమార్త్ర్ బులేవార్ వరుసను హోటల్ గది కిటికీలోంచి వేశాడు. కన్ను పైన ఉంది కాబట్టి తలలన్నీ కంటి గీతకు కిందే. రోడ్డు మీది చూపుకు ఆ అమరిక పనికిరాదు.

ఇక నీడలు. ఇది చాలామంది చేసే పొరపాటే. 20 డిగ్రీల ఎండలో భవనం నీడ దాని ఎత్తుకు రెండున్నర రెట్లు దాటుతుంది. కుడివైపు ఆర్కేడ్ పది మీటర్లు అనుకున్నా, ఆ నీడ రోడ్డుకు అడ్డంగా 22 మీటర్ల దాకా పరుచుకుంటుంది. అంటే రోడ్డు దాదాపు మొత్తం భవనం నీడలోనే ఉంది. నీడలో ఉన్న మనిషికి నేల మీద వేరే నీడ పడదు! మీరు వేసిన ఆ చారలన్నీ తీసేయండి. వాటి బదులు కాలి కింద, టైరు నేలను తాకే చోట చిన్న ముదురు మచ్చ చాలు, అంచులు మెత్తగా. గల్లీ సందులోంచి ఎండ రోడ్డు మీదికి పడే చోట మాత్రం నిజమైన నీడలు వస్తాయి; అవి ఎడమవైపుకూ, మన వైపుకూ పడతాయి. ఎడమవైపు ఆర్కేడ్ పై అంతస్తు మీద ఎండ ఉంటుంది. బొమ్మలో పెద్ద వెలుగు అదే, దాన్ని జనంలో చిల్లరగా పంచకండి.

నీడలో తెల్ల కుర్తా తెల్లగా ఉండదు. విలువ 6.5, పై ఆకాశం వల్ల కొంచెం చల్లటి బూడిద. నీలం వాడే చోటు ఇది, దూరం కోసం కాదు. నల్ల బురఖాలు ముందు వరుసలో 2 ఉంటే, ఇరవై మీటర్ల దగ్గర 3.5, మచ్లీ కమాన్ కింద 5. అందరికీ ఐవరీ బ్లాక్ పెడితే ప్రతి బురఖా కాన్వాస్‌కు పడిన చిల్లులా కనబడుతుంది. ఆటో పసుపూ అంతే: మొదటి ఆటోకు కాడ్మియం ఎల్లోలో కొంచెం సియెన్నా, రెండోదానికి ఆకర్‌లో గాలి రంగు, మూడోది వట్టి పసుపు బూడిద.

వేసే వరస కూడా మార్చండి. ఒక్కో మనిషిని పూర్తిచేసి పక్కవాడికి పోతే స్టిక్కర్లే వస్తాయి. కంటి గీత నుంచి కిందికి జనాన్నంతా ఒకే పట్టీగా మధ్యరకం బూడిదతో వేయండి. పట్టీ పై అంచున తలల మధ్య సందులను వెనక రంగుతో కోయండి, కింది అంచున కాళ్ల మధ్య రోడ్డు రంగుతో. అప్పుడు గుంపు దానంతటదే విడిపడుతుంది. ఆ తర్వాత ఐదారుగురినే ఎంచుకొని భుజం, తల మీద వెలుగు పెట్టండి. వాళ్లలో కూడా ఒక పక్క అంచు పదునుగా, రెండో పక్క పక్కవాడిలో కలిసిపోవాలి.

కరెంటు తీగలు మర్చిపోకండి. ముందు స్తంభం దగ్గర ముదురు, దూరం పోయేకొద్దీ ఆకాశం కంటే ఒక్క మెట్టు ముదురు, మధ్యమధ్య తెగాలి. ఒకే నలుపుతో రిగ్గర్ బ్రష్ పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే ఇంత కష్టమూ వృథా.

లిన్సీడ్_నూనె

పాలిపోయిన నలుపుల సంగతి. రంగులోని నూనెను కింది పొర పీల్చేసింది. గ్రౌండ్ (కాన్వాస్ మీద రంగుకు ముందు వేసే పూత) బాగా పీల్చేదైనా, రెండో పొరలో టర్పెంటైన్ ఎక్కువైనా ఇలాగే అవుతుంది. అంబర్, ఐవరీ బ్లాక్ మీద ఎక్కువగా తెలుస్తుంది. ఇప్పుడు మీకు కనబడుతున్న నలుపు అసలు విలువ కంటే ఒకటి, ఒకటిన్నర మెట్లు లేతగా ఉంటుంది. దాన్ని చూసి మినార్లను సరిచేస్తే అంతా తప్పుతుంది. ముందు ఇది బాగుచేయండి.

గోరుతో మందపాటి చోట మెల్లగా నొక్కి చూడండి. గుంట పడితే ఇంకో వారం ఆగాలి. పడకపోతే పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, లిన్సీడ్ ఒక పాలు, టర్పెంటైన్ ఒక పాలు కలిపి, పాలిపోయిన చోట్ల నూలు గుడ్డతో పల్చగా రుద్దండి. పది నిమిషాలాగి మిగిలిందంతా తుడిచేయండి. వేలికి జిడ్డు అంటకూడదు. నూనె నిలబడితే పసుపెక్కుతుంది.

తర్వాత దూరాన్ని వెనక్కి నెట్టడం. దీనికి స్కంబ్లింగ్ సరిపోతుంది, అంటే ఆరిన పొర మీద పల్చటి, సగం కప్పే లేత రంగును పొడి కుంచెతో రుద్దడం. ఒక కిటుకు తెలిసి ఉండాలి: ముదురు రంగు మీద పల్చటి తెలుపు తెర వేస్తే అది దానంతటదే నీలంగా కనబడుతుంది. కాబట్టి పైన చెప్పిన గాలి రంగును యథాతథంగా వాడితే మళ్లీ ఊటీయే. స్కంబుల్ కోసం అందులో అల్ట్రామెరైన్ మానేసి, ఆకర్ రెట్టింపు చేసి, సియెన్నా ఇంకో చిటికెడు వేయండి. ప్యాలెట్ మీద నారింజగా కనబడుతుంది. భయపడకండి, కాన్వాస్ మీద బూడిదలోకి దిగుతుంది.

నేరుగా వేసే ముందు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) కాన్వాస్ మీద పెట్టి దాని మీద రుద్ది చూసుకోండి. నచ్చితే:

పాత 10వ నంబరు హాగ్ ఫ్లాట్ (గరుకు వెంట్రుకల చదును కుంచె) తీసుకోండి. రంగులో లిక్విన్ (ఆయిల్ రంగు త్వరగా ఆరేందుకు కలిపే మీడియం) నాలుగు చుక్కలు. కుంచెకు రంగు అంటించి టిష్యూ మీద దాదాపు అంతా తుడిచేసి, పక్కకు పడుకోబెట్టి రుద్దండి. మినార్లు, చార్మినార్ కమాన్ మీద ఒక పూత, మచ్లీ కమాన్ మీద అందులో సగం, ఆర్కేడ్ల దగ్గరికి వచ్చేసరికి శూన్యం. మినార్ల మీద రెండో పూత మొదటిది ఆరాకే. ఆకాశం జోలికి పోవద్దు. అందరూ మరిచేది ఏమిటంటే కమాన్ కింద ఉన్న జనం, అక్కడి రోడ్డు కూడా అదే దుమ్ము వెనక ఉన్నారు. తెరను నేల దాకా దించాలి. భవనాన్ని మాత్రమే తెల్లబరిస్తే కమాన్ దూరంగా, దాని కింది ఆటో దగ్గరగా, మధ్యలో కత్తిరించినట్టు ఉంటుంది.

తడిగా ఉండగానే మినార్ల కుడి అంచు ఎండ గీత మళ్లీ పెట్టండి. ముదురు గీతలు మళ్లీ పెట్టకండి, చేయి ఊరుకోదు గానీ. ఎక్కువైతే నూనె చుక్క వేసిన గుడ్డతో తుడవొచ్చు. టర్పెంటైన్‌తో తుడిస్తే పదిహేను రోజుల పొర కూడా లేచి వస్తుంది.

జింక్ వైట్ పల్చగా, పారదర్శకంగా ఉంటుందని దీనికి వాడాలనిపిస్తుంది. వద్దు, పెళుసు పొర, ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది. ఫ్యాన్ బ్రష్‌తో దూరాన్నంతా నిమిరేయడం కూడా వద్దు. అంచులు ఒకే రకంగా మెత్తబడి దుమ్ము కాక పొయ్యి పొగలా ఉంటుంది. మినార్ ఎడమ అంచు ఆకాశంలో కరగాలి, కుడి అంచు నిలబడాలి.

ముందు వరుస ముదురు రంగులకు ఐవరీ బ్లాక్ మానేసి అల్ట్రామెరైన్, బర్ంట్ అంబర్ సమానంగా కలపండి. అంబర్ త్వరగా ఆరుతుంది, బ్లాక్ ఆలస్యంగా. ఆరని బ్లాక్ మీద అంబర్ పొర పడితే పగుళ్లే.

పాతబస్తీ_స్కెచ్

బ్లాక్ మీద ఇంత కోపం అక్కర్లేదనుకుంటా. పై పొరలో, ముందు వరుసలో, నూనె సరిపడా ఉంటే ఐవరీ బ్లాక్ బాగానే ఉంటుంది. గాలి రంగుతో కలిస్తే వచ్చే బూడిద పత్తర్‌గట్టి రాయికి చాలా దగ్గర. కింది పొరల్లో వద్దన్నదానికి మాత్రం ఒప్పుకుంటాను.

ఎప్పుడైనా అటు వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం యూరోపియన్ పెయింటింగ్స్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో వేసిన వెనిస్ దృశ్యం ముందు కాసేపు నిలబడండి. ముందు మనుషుల నీడలకూ, చివరి ఆర్కేడ్ల నీడలకూ మధ్య తేడా చూడండి. శుక్రవారం సెలవు.

కుంచె_36

చాలా థాంక్సండీ అందరికీ. చారల నీడలు ఇవాళే తీస్తాను. రెండు సందేహాలు. లిక్విన్ దొరక్కపోతే? హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్, లిన్సీడ్ వాడొచ్చా?

లిన్సీడ్_నూనె

లిక్విన్ లేకపోతే ఆర్టిస్ట్ గ్రేడ్ లిన్సీడ్ రెండు చుక్కలు చాలు, కానీ రెండో పూతకు వారం పైనే ఆగాలి. లిక్విన్‌తో అయితే ఒకటి రెండు రోజులు.

హార్డ్‌వేర్ షాపులో టర్పెంటైన్ అని ఇచ్చేది చాలావరకు మినరల్ టర్పెంటైన్, అంటే పెట్రోలియం నుంచి తీసేది. కుంచెలు కడగడానికి బాగుంటుంది. రంగులో కలపాలంటే ముందు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. మరక మిగలకపోతే కలపొచ్చు, మిగిలితే కుంచెలకే. అక్కడి లిన్సీడ్ మాత్రం వద్దు. అది తలుపులకు వేసే బాయిల్డ్ రకం, ఆరబెట్టే లోహ లవణాలు కలిపి ఉంటాయి. మీ లేత గాలి రంగు కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతుంది.

నూనె రుద్దిన గుడ్డలను ముద్దచేసి చెత్తబుట్టలో వేయకండి. లిన్సీడ్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, విప్పి, ఆరుబయట పరిచి ఆరాక పారేయండి. వార్నిష్ ఆరు నెలల తర్వాత.